లంగరు లెక్క

(హనుమకొండలోని ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు ఇక్కడి పెద్దాయన ఒకరు అడిగారు, "అమ్మా, మనకు సముద్రమే లేదు గద, ఓరుగల్లోళ్లకు తెరచాప పడవ సంగతి ఎందుకు?" అని. అడగాల్సిన ప్రశ్నే. మనం సముద్రం చూడాలంటే రైలెక్కి ఖమ్మం, విజయవాడ దాటి చీరాల దాకా పోవాలి. అయితే ఆ చీరాలకు కొంచెం అవతల, ఇప్పటి బాపట్ల జిల్లాలో, మోటుపల్లి అనే ఊరుంది. అది కాకతీయుల రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా రాజులు లాక్కునేవారు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము, భయపడకుండా రండి అని ఆ శాసనం వర్తకులకు మాట ఇచ్చింది. ఇంటర్‌లో పరీక్ష కోసం చదివిన విషయమే ఇది. పడవ నడపడం నేర్చుకున్నాక మళ్లీ చదివితే కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. గాలి తిరగబడితే ఓడలో ఉన్న మనిషి చేతిలో ఏమీ ఉండదని ఇక్కడి కోటలో కూర్చున్న రాజుకు తెలుసు. అందుకే ఈ ఊళ్లో ఈ సంగతి మాట్లాడటానికి నాకేం మొహమాటం లేదు.

నేను లెక్కలు చెప్పే లెక్చరర్‌ని. మాది హసన్‌పర్తి వైపు. చిన్నప్పుడు సెలవుల్లో పొద్దంతా చెరువు కట్ట మీదే ఉండేవాళ్లం. మత్తడి దునికిందంటే ఊరంతా అక్కడే. మా తాత దోస్తు ఒకాయన తెప్ప మీద వల వేయడానికి పోతూ నన్నూ ఎక్కించుకునేవాడు. ఆయన నేర్పిన సంగతి ఒకటి నలభై ఏళ్ల వయసులో నాకు అక్కరకొచ్చింది. నీళ్ల మీద గాలి కనబడుతుంది. మీరు రేపు పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నిలబడి చూడండి. నీళ్లు ఒకేలా మెరుస్తుంటాయి, ఉన్నట్టుండి ఒకచోట నల్లటి మచ్చలాగా సన్న అలలు లేచి అది మీ వైపు జరుగుతూ వస్తుంది. ఆ మచ్చ మీ దగ్గరికి రాగానే చెంపకు గాలి తగులుతుంది. ఆ తాత దాన్ని చూసి, "బిడ్డా, గట్టిగ పట్టుకో, వస్తాంది" అనేవాడు. సెయిలింగ్ స్కూల్లో మొదటి రోజు చెప్పే పాఠం ఇదే.

నేను మొదట నేర్చుకున్నది హుస్సేన్‌సాగర్‌లో. మన రాష్ట్రంలో తెరచాప పడవలకు అది పుట్టిల్లు లాంటిది. ఏటా వానాకాలంలో నైరుతి గాలి నిలకడగా వీచే రోజుల్లో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలకు దేశం నలుమూలల నుంచీ సెయిలర్లు వస్తారు. నాకిచ్చింది లేజర్ అనే చిన్న పడవ. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. ఒకే మనిషి, ఒకే తెరచాప, ఒక చేతిలో చుక్కాని కొయ్య, ఇంకో చేతిలో తెరచాపను లాగే తాడు. బ్రేకు లేదు. ఆగాలంటే తాడు వదిలేయాలి, లేదా ముక్కును గాలికి ఎదురుగా తిప్పాలి. మొదటి నెల ఎన్నిసార్లు బోల్తా పడ్డానో లెక్కపెట్టలేదు. చిన్న పడవ తప్పును వెంటనే చూపిస్తుంది, పెద్ద పడవ ఆలస్యంగా చూపిస్తుంది, అప్పుడు ఖర్చు ఎక్కువ. అందుకని ఎవరైనా నేరుగా పెద్ద యాట్‌తో మొదలుపెడతామంటే నేను వద్దంటాను.

గాలి వెనక నుంచి తోస్తేనే పడవ పోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. నిజానికి గాలి పక్క నుంచి వచ్చినప్పుడే పడవ హాయిగా, జోరుగా పోతుంది. తెరచాప వంపు మీదుగా గాలి జారిపోతూ, విమానం రెక్కను ఎత్తినట్టు పడవను లాగుతుంది. అది పక్కకు కూడా లాగుతుంది కదా, ఆ పక్క జారుడును నీళ్ల కింద ఉండే కీల్ ఆపుతుంది. సముద్రపు యాట్‌కు కీల్ అంటే ఇనుమో సీసమో పోసిన బరువైన రెక్క. పడవ ఒరిగినా మళ్లీ లేపేది అదే. ఇక గాలికి నేరుగా ఎదురు పోవడం కుదరదు. అటూ ఇటూ సుమారు 45 డిగ్రీలు వదిలేసి, ఘాట్ రోడ్డు ఎక్కినట్టు మెలికలు తిరుగుతూ పైకి పోవాలి. మన దగ్గర తూర్పార పట్టే రైతు చాట ఎత్తేముందు గాలి ఎటుందో ఒక్కసారి మొహం తిప్పి చూస్తాడు చూడండి, పడవ నడిపే స్కిప్పర్ ఆ పని నిమిషానికోసారి చేస్తాడు. కొన్నాళ్లకు మెడ దానంతటదే తిరుగుతుంది.

పడవ అద్దెకు తీసుకోవాలంటే అడిగే సర్టిఫికెట్ల గురించి త్వరగా చెప్పేస్తాను. సరంగు లేకుండా పడవ ఒక్కటే అద్దెకు తీసుకోవడాన్ని బేర్‌బోట్ చార్టర్ అంటారు. అప్పుడు స్కిప్పర్ మనమే, బాధ్యతంతా మనదే. ఎక్కువమంది చేసే కోర్సు బ్రిటన్‌కు చెందిన రాయల్ యాటింగ్ అసోసియేషన్ వారి డే స్కిప్పర్. ప్రాక్టికల్ ఐదు రోజులు. అందులో చేరేనాటికే ఐదు రోజులు పడవ మీద గడిపి, వంద నాటికల్ మైళ్లు, రాత్రిపూట నాలుగు గంటలు ప్రయాణం చేసి ఉండాలంటారు. నాటికల్ మైలు అంటే 1852 మీటర్లు. అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్ కోర్సులు కూడా చాలాచోట్ల చెల్లుతాయి. పడవ అద్దెకిచ్చేవాళ్లు కాగితంతోపాటు ఎప్పుడు, ఎక్కడ, ఎంత పడవ నడిపారో చూపించే సెయిలింగ్ రెజ్యూమే అడుగుతారు. నమ్మకం చాలకపోతే రెండు రోజులు వాళ్ల స్కిప్పర్‌ని వెంట పెట్టుకోమంటారు. దాన్ని అవమానంగా తీసుకోవద్దు. ఆ రెండు రోజుల్లో ఆ మనిషి దగ్గర నేర్చుకునేది ఏ కోర్సులోనూ దొరకదు.

మేం అలా పడవ అద్దెకు తీసుకోవడానికి వెళ్లింది థాయిలాండ్‌లోని ఫుకెట్‌కు. మా ఆయన, మా తమ్ముడు, మా మరదలు, నేను. నవంబర్ మొదట్లో. అండమాన్ సముద్రానికి ఆ వైపున మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలి, వాన, పెద్ద అలలు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలి. అది నేల మీద నుంచి వస్తుంది కాబట్టి ఆ ఒడ్డున నీళ్లు కుదురుగా ఉంటాయి. ఫుకెట్‌కు తూర్పున ఫాంగ్ న్గా అనే అఖాతం ఉంది. నీళ్లలోంచి నిటారుగా లేచిన సున్నపురాయి కొండలు, వందకు పైగా దీవులు. నేర్చుకునేవాళ్లకు మంచి చోటు. కానీ లోతు తక్కువ, అడుగున బురద, ఆటుపోట్లు పెద్దవి.

పడవ అప్పజెప్పేటప్పుడు మూడు గంటలు పట్టింది. దయచేసి ఈ మూడు గంటలు తొందరపడకండి. ఇంజన్ మూత తీసి నూనె చూడండి. ఇంజన్ వేశాక వెనక పొగగొట్టంలోంచి నీళ్లు కక్కుతున్నాయో లేదో చూడండి, కక్కకపోతే ఇంజన్ చల్లబడటం లేదని అర్థం. లైఫ్ జాకెట్లు బయటికి తీసి మనిషికొకటి తొడిగి చూడండి. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్లో పెట్టండి, ఆపదలో పిలిచేది అందులోనే. లోతు చూపించే మీటరు నీటి మట్టం నుంచి చూపిస్తోందా, కీల్ అడుగు నుంచి చూపిస్తోందా అని తప్పకుండా అడగండి. మా పడవ 36 అడుగులది, నీళ్లలో 1.9 మీటర్లు దిగుతుంది. మీటరు దేన్ని కొలుస్తోందో తెలియకపోతే ఆ 1.9 మీటర్లు మనల్ని నేలకు కొట్టిస్తాయి. లంగరు గొలుసు మొత్తం ఎంత పొడవుందో, ఎన్ని మీటర్లకొక రంగు గుర్తు వేశారో కూడా అడగండి. నేను ఇవన్నీ అడిగాను, రాసుకున్నాను. రాసుకున్నదాన్ని వాడుకోవడంలో తప్పాను. ఆ రాత్రి గురించే మీకు వివరంగా చెప్పాలి.

మూడో రోజు సాయంత్రం. మర్నాడు కార్తీక పౌర్ణమి. మన వేయిస్తంభాల గుళ్లో దీపాలు వెలిగే రోజు. మా మరదలు పడవలోనే దీపం పెట్టాలని రెండు ప్రమిదలు తెచ్చుకుంది. ఐదు దాటాక ఒక దీవి చాటున ఆగాం. పోటు పూర్తిగా తీసి, నీళ్లు అన్నిటికంటే తక్కువగా ఉన్న వేళ. లోతు 4 మీటర్లు. లంగరు లెక్క ఏమిటంటే, అంతా గొలుసే అయితే లోతుకు కనీసం ఐదింతలు వదలాలి. తాడు కలిసి ఉంటే ఏడింతలు. ఎందుకంత అంటే, లంగరు బరువుతో పడవను ఆపదు. నాగలి కర్రు నేలలో దిగినట్టు బురదలో దిగి పట్టుకుంటుంది. గొలుసు నేల మీద పడుకుని అడ్డంగా లాగితేనే దిగుతుంది. పైకి లాగితే పెళ్లగించుకుని వచ్చేస్తుంది. నేను నాలుగైదుల ఇరవై అని 20 మీటర్లు వదిలాను. ఇంజన్ వెనక్కి వేసి లాగి చూశాను, గట్టిగా పట్టింది. రెండు కొండల అంచులు ఒకదానిమీద ఒకటి పడేచోటును గుర్తు పెట్టుకున్నాం. దీపాలు పెట్టాం. పప్పు, అన్నం, మామిడికాయ తొక్కు. చాలా తృప్తిగా పడుకున్నాను.

ఇప్పుడు నేను వదిలేసిన లెక్క చూడండి. పున్నమికీ అమావాస్యకూ పోటు అన్నిటికంటే పెద్దగా వస్తుంది. ఆ రోజు నీళ్లు 2.4 మీటర్లు పెరుగుతాయని ఆటుపోట్ల పట్టికలో ఉంది. నీళ్లు ఆరు గంటల్లో సమానంగా పెరగవు. పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత రెండు, చివర ఒకటి. మా రాత్రికి వంతు అంటే 20 సెంటీమీటర్లు. మొదట 20, తర్వాత 40, 60, 60, 40, 20. అర్ధరాత్రికి దగ్గరపడేసరికి 4 మీటర్ల నీళ్లు 6.4 అయ్యాయి. గొలుసు పడవ ముక్కు మీద నుంచి దిగుతుంది కదా, ఆ ముక్కు నీళ్లకంటే 1.2 మీటర్ల ఎత్తు. అదీ కలపాలి. మొత్తం 7.6. దానికి ఐదింతలంటే 38 మీటర్లు. నేను వదిలింది 20. రెండున్నర ఇంతలకు కొంచెం ఎక్కువ. గాలి లేనంతసేపూ ఏమీ కాలేదు. పదకొండు దాటాక గాలి లేచింది.

నేను నిద్రలో ఉన్నాను. తమ్ముడు పైన కూర్చుని ఉన్నాడు. మెట్ల దగ్గరకొచ్చి, "అక్కా, ఆ కొండ ఇందాక ఈడ లేకుండె" అన్నాడు.

"కొండ ఎట్ల జరుగుతది తమ్మీ?"

"అదే అక్కా. మనమే జరుగుతున్నం."

పైకొచ్చేసరికి గాలి చెవుల్లో కూస్తోంది. మేం గుర్తు పెట్టుకున్న రెండు అంచులు విడిపోయి మధ్యలో ఆకాశం కనిపిస్తోంది. గొలుసు మీద అరచేయి పెట్టాను. పట్టుకున్న లంగరైతే గొలుసు బిగిసి కదలకుండా ఉంటుంది. అది గడగడమని వణుకుతోంది, అడుగున లంగరు రాళ్ల మీద దుంకుతూ పోతున్నట్టు. ఆ వణుకు ఇప్పటికీ నా అరచేతికి గుర్తుంది. వెనక వంద మీటర్ల దూరంలో ఇంకో పడవ ఉంది. దాంట్లోనూ మనుషులు నిద్రపోతున్నారు.

నీళ్లలో తాళ్లేవీ వేలాడటం లేదని ముందు చూసుకున్నాం, నీళ్ల కింద ఇంజన్ తిప్పే పంకాకు తాడు చుట్టుకుంటే ఇంజన్ కూడా పోతుంది. మా ఆయన ఇంజన్ వేసి మెల్లగా ముందుకు పట్టారు. తమ్ముడు, నేను ముక్కు దగ్గర ఇంకో 20 మీటర్లు వదిలాం. మొత్తం 40. ఇంజన్ తగ్గించగానే పడవ వెనక్కి జారి, ఒక్క కుదుపుతో ఆగి, ముక్కు గాలివైపు తిప్పుకుంది. గొలుసు మీద మళ్లీ చేయి పెట్టాను. వణుకు లేదు. తెల్లారేదాకా గంటకొకరం చొప్పున కాపలా కూర్చున్నాం.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ లెక్కలు చెప్పే మనిషిని, కూడాల్సిన మూడు అంకెల్లో ఒకటే చూశాను. పట్టిక నా సంచిలోనే ఉంది. పౌర్ణమి అని అందరికంటే ముందు నాకే తెలుసు, ప్రమిదలు కడిగింది నేనే. పున్నమికి నీళ్లు పొంగుతాయన్న సంగతిని ఆ ప్రమిదకు కలపలేదు. అప్పటి నుంచి లంగరు వేసే ముందు ఇంకెవరికైనా వినబడేలా పైకి చదువుతాను: ఇప్పటి లోతు, పెరగబోయే నీళ్లు, ముక్కు ఎత్తు, మొత్తానికి ఐదింతలు. వినే మనిషి "సరే" అంటేనే గొలుసు వదులుతాను. పడుకునే ముందు ఫోన్‌లో, పడవ జరిగితే మోగే లంగరు అలారం పెడతాను. గొలుసుకు డబ్బులు కట్టక్కర్లేదు, పెట్టెలో ఊరికే ఉంటుంది. చుట్టూ పడవ తిరగడానికి చోటుంటే ధారాళంగా వదలండి.

ఆ రాత్రి వచ్చిన గాలిని స్క్వాల్ అంటారు. ఉష్ణమండలపు సముద్రాల్లో తరచూ వస్తుంది, అరగంటో గంటో ఉండి పోతుంది. మనకు కొత్తదేం కాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మన దగ్గర గాలిదుమారం రావడం చూస్తాం. ఉక్కపోత, పడమర నల్లగా, ఒక్కసారి చల్లటి గాలి, దుమ్ము, మామిడికాయలు రాలడం, తర్వాత నాలుగు పెద్ద చినుకులు. రెండింటికీ కారణం ఒకటే. ఉరుము మేఘంలో వానతో చల్లబడిన గాలి బరువెక్కి కిందకు దూకుతుంది, నేలను తాకి మేఘం కంటే ముందే నాలుగు వైపులా పరుగెత్తుతుంది. అందుకే వాన కంటే ముందు చల్లగాలి తగులుతుంది. మన అమ్మలు ఆ చల్లదనం తగలగానే దండెం మీద బట్టలు తీస్తారు, వడ్లు కుప్ప చేసి పరదా కప్పుతారు. సముద్రం మీద అదే క్షణంలో తెరచాప తగ్గించాలి. తెరచాపను కొంత దించి కట్టేయడాన్ని రీఫింగ్ అంటారు. తగ్గించాలా అని మనసులో అనుమానం పుట్టిందంటే అప్పుడే తగ్గించే వేళ. గాలి వచ్చాక తగ్గించడం చాలా కష్టం.

పగడపు దిబ్బల సంగతి కూడా చెప్పాలి. వాటి మీద లంగరు వేయకూడదు. ఎన్నో ఏళ్లుగా పెరిగిన పగడం ఒక్క గొలుసు ఈడ్పుకు పొడిపొడి అయిపోతుంది. అలాంటి చోట్ల పడవలు కట్టుకోవడానికి నీళ్ల మీద తేలే మూరింగ్ బోయాలు ఉంచుతారు, వాటికే కట్టుకోవాలి. దిబ్బల మధ్య పడవ నడిపేటప్పుడు సూర్యుడు నెత్తి మీదో, వీపు వెనకో ఉండాలి. అప్పుడు నీళ్ల రంగు చదవొచ్చు. ముదురు నీలం లోతు, లేత ఆకుపచ్చ తక్కువ లోతు, తెల్లగా కనబడితే ఇసుక, గోధుమ రంగు పగడం. సాయంత్రం నాలుగింటికి పడమర మొహంగా పోతే నీళ్లన్నీ వెండిరేకే, ఏమీ కనబడదు. అందుకే మధ్యాహ్నం రెండు మూడింటికల్లా ఆగే చోటుకు చేరేలా రోజును ముందే లెక్కేసుకోవాలి. మా పడవ వేగం ఐదు నాట్లు, అంటే గంటకు ఐదు నాటికల్ మైళ్లు, తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. సైకిల్ కంటే నిదానం. ఇరవై మైళ్లంటే నాలుగు గంటలు.

ఎదురుపడినప్పుడు ఎవరు తప్పుకోవాలన్నదానికి అంతర్జాతీయ నియమాలు ఉన్నాయి, చదువుకుంటే వస్తాయి. ఒక్కటి మాత్రం చెప్తాను. రెండు తెరచాప పడవలు ఎదురై, ఒకదానికి ఎడమ నుంచి, ఇంకోదానికి కుడి నుంచి గాలి తగులుతుంటే, ఎడమవైపు నుంచి తగులుతున్న పడవ తప్పుకోవాలి. వల వేస్తున్న జాలరి పడవకు మాత్రం మనమే దూరంగా జరగాలి, అది నియమం కూడా. వాళ్లు అక్కడ బతుకుతెరువు కోసం ఉన్నారు, మనం వారం రోజులకు వచ్చినవాళ్లం.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

ఆ చివర కూర్చున్న అమ్మాయి, ఈత రాకపోతే ఎలా, అమ్మాయిలు ఇవన్నీ చేయగలరా అని అడుగుతోంది. ఈత నేర్చుకో తల్లీ, తప్పదు. కానీ సముద్రంలో పడ్డ మనిషిని కాపాడేది ముందు జాకెట్, తర్వాత పడవలో ఒకరు చేయి చాపి ఆ మనిషి వైపే చూపిస్తూ, కన్ను తిప్పకుండా నిలబడటం. అలల్లో తల కొబ్బరికాయంత కూడా కనబడదు. అమ్మాయిలు చేయగలరా అన్నావు కదా. 2017 సెప్టెంబర్ 10న ఐఎన్‌ఎస్‌వీ తారిణి గోవా నుంచి బయలుదేరింది. 17 మీటర్ల తెరచాప పడవ, నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు. ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. సుమారు 21,600 నాటికల్ మైళ్లు. అందులో మన హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉంది, విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, హుస్సేన్‌సాగర్‌లో. ఆ తర్వాత గోవా, ముంబై, చెన్నైల్లో సముద్రపు పడవల మీద సిబ్బందిగా వెళ్లండి. మొదటి వంద మైళ్లు ఇంకొకరు స్కిప్పర్‌గా ఉన్నప్పుడే పూర్తిచేయండి.

ఇదిగో, ఈ బల్ల మీద రెండు గజాల తాడు పెట్టాను. బౌలైన్ ముడి. చిన్న ఉచ్చు వేసి, కొసను కింద నుంచి ఉచ్చులోకి తెచ్చి, తాడు వెనక నుంచి తిప్పి, మళ్లీ అదే ఉచ్చులోకి దించి బిగించడం. ఎంత లాగినా జారదు, ఎంత బిగిసినా వేలితో నొక్కితే విడిపోతుంది. కట్టేసిన ఎద్దు తాడును చీకట్లో తడిమి విప్పిన వాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, వాళ్లకు రెండు నిమిషాల్లో వస్తుంది. ముందు వరుసలో ఉన్నవాళ్లు రండి. ఒకసారి చూసి వేయండి, రెండోసారి కళ్లు మూసుకుని.